సెల్ఫ్ ఈడుస్తోందా? బ్యాటరీ మార్చే ముందు ఎర్త్ చూడండి

డిసెంబరు, జనవరిలో ఒడిశా కొండల మీది సెమిలిగూడ, పొట్టంగి వైపు పొద్దున్నే సెల్ఫ్ కొడితే ఇంజిను ఏడుస్తూ తిరుగుతుంది. సుంకి ఘాట్ దిగి సాలూరు చేరేసరికి అదే బండి ఒక్క దెబ్బకి అందుకుంటుంది. చలికి బ్యాటరీ బలం తగ్గుతుంది, ఆయిల్ చిక్కబడుతుంది, నిజమే. కానీ సగం అరిగిన ఎర్త్ పట్టీ (ఇంజినును ఛాసిస్‌కి, అంటే బండి చట్రానికి, కలిపే జడలాంటి తీగ) కూడా ఇలాగే ఏడిపిస్తుంది. మల్టీమీటరుంటే తేల్చడం పావుగంట పని.

మీటరు డీసీ 20 వోల్టుల మీద పెట్టి, పిన్నులు బ్యాటరీ రెండు బొడిపెల మీద ఆనించండి. రాత్రంతా ఆగిన బండికి 12.6 ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగమే, ముందు చార్జింగ్ పెట్టించండి. ఆ తర్వాత న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ వేసి, మనిషి చేత అయిదు సెకన్లు సెల్ఫ్ కొట్టించండి. స్టార్టయిపోతే కొలవడం కుదరదు కాబట్టి పెట్రోలు బండికైతే ఫ్యూయల్ పంపు ఫ్యూజు పీకేయండి. అప్పుడు 9.6 కంటే కిందికి పడితే బ్యాటరీ పనైపోయినట్టే. 10.5 దగ్గర నిలబడి కూడా ఇంజిను ఈడుస్తుంటే దొంగ వేరేచోట ఉన్నాడు.

నల్ల పిన్ను బ్యాటరీ మైనస్ సీసపు బొడిపె మీద ఆనించండి, దాన్ని పట్టి ఉన్న వైరు క్లాంపు మీద కాదు. ఎర్రది సెల్ఫ్ మోటారు బాడీకి. సెల్ఫ్ కొడుతుండగా 0.2 దాటకూడదు. 0.9 వచ్చిందనుకోండి, ఎర్ర పిన్నును వెనక్కి జరుపుతూ రండి: ఇంజిను, ఛాసిస్, క్లాంపు. ఇంజిను మీద 0.9, ఛాసిస్ మీద 0.1 ఉంటే మధ్యలో ఉన్న ఆ ఎర్త్ జడపట్టీ పోయినట్టు. బురద కింద పచ్చగా చిలుము పట్టి, నాలుగైదు పోగులే మిగిలి ఉంటుంది. కొత్తది వేసి, బోల్టు కింద పెయింటు మెరిసేదాకా గీకి బిగించండి. ప్లస్ వైపు కూడా ఇదే పద్ధతి, బొడిపె నుంచి మోటారు బోల్టు దాకా 0.5 లోపు ఉండాలి.

తీగ తెగిందా లేదా అని మీటరు కూతతో చెప్పే బీప్ టెస్టుని మాత్రం నమ్మకండి. ఒక్క పోగు తగిలినా మీటరు కూస్తుంది. సెల్ఫ్‌కి కావాల్సిన వందకు పైగా యాంపియర్లు ఆ పోగు మోయలేదు.

ఫ్యూజు తిరిగి పెట్టి స్టార్ట్ చేశాక బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.5 రావాలి. 15 దాటితే చార్జింగ్ వోల్టేజిని అదుపు చేసే రెగ్యులేటర్‌ని అనుమానించండి. 12.4 దగ్గరే ఉండిపోతే ముందు ఆల్టర్నేటర్ (బ్యాటరీని చార్జి చేసేది) బెల్టు చూడండి.

సెల్ఫ్ కరెంటుని మీటరు 10 యాంపియర్ల సాకెట్‌తో కొలవబోకండి, మీటరు ఫ్యూజో, మీటరో కాలిపోతుంది. ఎప్పుడైనా ఆ సాకెట్ వాడితే ఎర్ర వైరు వెంటనే వోల్టుల సాకెట్‌లోకి మార్చేయండి. మరిచిపోయి బ్యాటరీ రెండు బొడిపెల మీద పెడితే నేరుగా షార్టే.