కస్టమ్స్ రసీదు చేతిలో ఉన్నా దొంగసరుకు అన్నారు

నిన్న తెల్లవారుజామున గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో రాజమహేంద్రవరం దిగాను. భుజాన కెమెరా సంచి, అందులో బాగుపడిన కెమెరా. ఇందుకు 38 రోజులు పట్టింది. మూడుసార్లు హైదరాబాద్ వెళ్ళి వచ్చాను. కోపం చల్లారకముందే రాసేయాలని కూర్చున్నాను. చల్లారాక రాస్తే అవతలివాళ్ళను క్షమించేస్తానేమోనని భయం.

నేను పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్‌ని. ఫిల్ము రీళ్ళ రోజుల్లో చీకటి గదిలో కడగడం నేర్చుకుని ఈ పనిలోకి వచ్చాను. 2024 డిసెంబరులో న్యూజెర్సీలో ఉన్న మా బావమరిది అక్కడ తగ్గింపు ధరలో ఒక మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని డిజిటల్) కెమెరా కొన్నాడు. మన లెక్కలో 1,28,000 రూపాయలు. సంక్రాంతికి వస్తూ తెచ్చి ఇచ్చాడు. శంషాబాద్‌లో దిగగానే కస్టమ్స్ కౌంటరు దగ్గరకు తనే నడిచి వెళ్ళి, ఇదిగో కెమెరా అని చూపించాడు. అప్పటి నిబంధన ప్రకారం 50,000 వరకు మినహాయింపు, ఆ పైన ఉన్న విలువ మీద 38.5 శాతం సుంకం. అంటే 78,000 మీద 30,030 రూపాయలు. కట్టి రసీదు తీసుకున్నాడు. పెట్టె చింపి, మెడలో వేసుకుని వచ్చేయమని సలహా ఇచ్చినవాళ్ళు ఉన్నారు. మేం ఆ పని చేయలేదు. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది.

పది నెలలు కెమెరా బంగారంలా పనిచేసింది. కార్తీకంలో కడియం దగ్గర ఒక పెళ్ళి. ముహూర్తం తెల్లవారుజామున 3 గంటల 12 నిమిషాలకు. జీలకర్ర బెల్లం తీశాను. మంగళసూత్రం పళ్ళెంలో పెట్టి అక్షింతలు పంచుతున్నారు. మీట నొక్కితే టక్ మనాల్సిన చోట కర్ మని ఒక చప్పుడు వచ్చి తెర నల్లబడింది. లెన్సు విప్పి టార్చి వేసి చూశాను. బొమ్మను పట్టే సెన్సర్ ముందు తెరుచుకుని మూసుకునే షట్టర్ రేకుల్లో పైవి రెండు దాని మీదకు సగం దిగి, ఒకటి వంకరగా తిరిగి ఆగిపోయాయి. తుఫానులో సగం ఊడి వేలాడుతున్న తడికలా ఉంది. మా అబ్బాయి చేతిలో ఇంకో కెమెరా ఉంది కాబట్టి మాంగల్యధారణ దక్కింది. లేకపోతే ఆ ఇంటివాళ్ళకు నా ముఖం చూపించలేకపోయేవాణ్ణి.

హైదరాబాద్‌లో ఆ కంపెనీ అధీకృత సర్వీసు కేంద్రానికి ఫోన్ చేస్తే తీసుకురమ్మన్నారు. ఎక్కడ కొన్నారని అడగలేదు. నేనూ చెప్పలేదు. టికెట్ దొరికింది, రాత్రికి బయల్దేరాను, ఉదయం పదింటికి వాళ్ళ తలుపు తీసేసరికి మెట్ల మీద ఉన్నాను.

అసలు కథ ఆ కౌంటరు దగ్గర మొదలైంది.

కౌంటరులోని కుర్రవాడు మర్యాదగానే కూర్చోమన్నాడు. కెమెరా అడుగు భాగాన ఉన్న నెంబరు కంప్యూటరులో కొట్టాడు. ఒక్కసారిగా గొంతు మారింది.

“ఇది మన దేశం సరుకు కాదు. గ్రే మార్కెట్‌లో కొన్నారా?”

గ్రే మార్కెట్ అంటే కంపెనీ అధికారిక దారిలో కాకుండా వచ్చిన సరుకు. అతని నోట అది దొంగసరుకు అన్నట్టే వినిపించింది. గది చిన్నది. వెనక ఏడెనిమిది మంది ఉన్నారు. అందులో కాకినాడ కుర్రవాడు ఒకడు నాకు తెలిసినవాడే. నా దగ్గర రెండేళ్ళు పని నేర్చుకుని సొంతంగా స్టూడియో పెట్టుకున్నాడు. “గురువుగారూ” అంటూ లేచి నమస్కారం పెట్టబోయినవాడు ఆ మాట విని సగంలో ఆగిపోయాడు.

అమెరికా బిల్లు చూపించాను. “దీని మీద మీ పేరు లేదు. ఈ కెమెరా మీదేనని ఆధారం ఏమిటి?” అన్నాడు. మా బావమరిది కొన్నాడని, కస్టమ్స్ సుంకం కట్టామని చెప్పి రసీదు ముందు పెట్టాను. వేలితో వెనక్కి తోశాడు. “ఇలాంటివి రోజూ చూస్తుంటాం సార్” అన్నాడు. మడత కూడా విప్పలేదు. ప్రభుత్వానికి 30,030 రూపాయలు కట్టిన కాగితం, అశోక స్తంభం ముద్ర ఉన్న కాగితం, బల్ల మీద పకోడీల పొట్లంలా పడి ఉంది. నేను గొంతు పెంచే మనిషిని కాను. ఆ రోజు నా చేతులు వణికాయి.

మేనేజరు వచ్చాడు. వారంటీ గడువు ఇంకా నెల ఉన్నా అది కొన్న దేశంలోనే చెల్లుతుందన్నాడు. అది నిజమే. వారంటీ కార్డులో చిన్న అక్షరాల్లో ఉంది, ఇంటికి వచ్చాక చదివాను. ఆ మాటకు నేను వాళ్ళను తప్పు పట్టను. తరవాత అతను అన్న మాట మాత్రం ఎప్పటికీ మరచిపోను: “అమెరికా కెమెరాలు మన కరెంటుకు పడవండీ. అందుకే షట్టర్ పోయింది.”

షట్టర్‌కూ గోడ కరెంటుకూ సంబంధం ఏమిటి? కెమెరా నడిచేది బ్యాటరీ మీద. ఛార్జరు తీసి వెనక్కి తిప్పి చూపించాను. 100 నుంచి 240 వోల్టుల వరకు, 50 లేదా 60 హెర్ట్జ్ అని దాని మీదే అచ్చు వేసి ఉంది. అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఈ ఛార్జరు రెంటికీ సరిపోతుంది. అక్కడి నుంచి తెచ్చుకున్న మిక్సీనో జుట్టు ఆరబెట్టే యంత్రమో 120 వోల్టులదైతే మన ప్లగ్గులో పెట్టగానే మాడిపోతుంది, అది వేరే సంగతి. కెమెరాలో ఆ తేడా ఒక్క చోట కనబడుతుంది. అమెరికా కెమెరా వీడియోకు ఎన్‌టీఎస్‌సీ అనే అక్కడి పద్ధతిలో పెట్టి వస్తుంది. దాన్ని అలాగే ఉంచి సెకనులో 60వ వంతు షట్టర్ వేగంతో తీస్తే మన ట్యూబులైట్ల కింద చారలు కదులుతాయి. మెనూలో మన దగ్గరి పద్ధతి అయిన పాల్‌కు మార్చి, వేగం 50వ వంతో 100వ వంతో పెట్టుకుంటే సరి. విదేశాల నుంచి కెమెరా తెప్పించుకునే ప్రతి కుర్రవాడికీ నేను మొదట చెప్పేది ఇదే. ఇదంతా మేనేజరుకు చెప్పాను. అతను నా వంక కాకుండా గోడ గడియారం వంక చూస్తూ నిలబడ్డాడు.

పరిశీలన రుసుము 2,500, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 2,950 ముందే కట్టమన్నారు. మరమ్మతు చేయించుకుంటే ఇది బిల్లులో తగ్గిస్తారా అని అడిగితే “చూద్దాం” అన్నారు. ఆ “చూద్దాం”ను జాబ్‌షీటు (కెమెరా అప్పగించినప్పుడు రాసే కాగితం) మీద రాయించుకోకపోవడం నేను చేసిన తప్పు. మీరు చేయకండి.

మా బావమరిది అక్కడికే పంపేయమన్నాడు, వారంటీలో ఉచితంగా చేస్తారని. విచారించాను. మరమ్మతుకు పంపి వెనక్కి తెప్పించుకునే వస్తువుకు మరమ్మతు ఖర్చు, రానుపోను రవాణా, బీమా విలువ మీద మాత్రమే సుంకం వేసే నిబంధన కస్టమ్స్‌లో ఉంది. కానీ పంపేటప్పుడే మరమ్మతు కోసం ఎగుమతి చేస్తున్నట్టు నెంబరుతో సహా కాగితాల్లో చూపించాలి. మామూలు పార్సిల్‌లా పంపితే తిరిగి వచ్చేటప్పుడు కొత్త సరుకు కిందే చూస్తారు. ఆ కాగితాలు చేసే ఏజెంటు చెప్పిన ధర వినగానే ఆ ఆలోచన మానుకున్నాను.

పన్నెండో రోజు ఎస్టిమేటు వచ్చింది. షట్టర్ యూనిట్ 14,200. కూలి 6,500. సెన్సర్ శుభ్రపరచడం 1,500. ఆ కింద ఒక వరుస: విదేశీ ఉత్పత్తి నిర్వహణ రుసుము 4,000. అన్నీ కలిపి 26,200, జీఎస్టీ 4,716, మొత్తం 30,916. ముందు కట్టిన 2,950 ఊసే లేదు.

షట్టర్ ధరతో నాకు పేచీ లేదు. చేసిన పనికి కూలి ఇవ్వాలి, నేనూ కూలి తీసుకుని బతికేవాణ్ణే. సెన్సర్ శుభ్రం చేయమని నేను అడగలేదు. మరి ఆ నాలుగు వేలు దేనికి? నా కెమెరాను నిర్వహించడం అంటే ఏమిటి? అదే మోడల్ హైదరాబాద్‌లో కొన్నవాడి కెమెరాకూ ఇవే మరలు, ఇదే షట్టర్. ఫోన్ చేస్తే “కంపెనీ పాలసీ” అన్నారు. ఆ పాలసీ కాగితం పంపమంటే “లోపలి పత్రం, ఇవ్వం” అన్నారు. అయితే మరమ్మతు వద్దు, కెమెరా ఇచ్చేయండి అంటే “తిరిగి బిగించడానికి 1,180 కట్టాలి” అన్నారు. విప్పింది వాళ్ళు, బిగించడానికి డబ్బు నేనివ్వాలట!

మళ్ళీ రైలెక్కాను. ముందుగా కోఠీలో నాకు పాతికేళ్ళుగా తెలిసిన ఒక మెకానిక్ దగ్గరకు వెళ్ళాను. ఎనిమిదడుగుల కొట్టు, బల్ల మీద పాత లెన్సుల గుట్ట, కంటికి బిగించిన భూతద్దం. మోడల్ పేరు, ఎస్టిమేటు చూశాడు. “ఈ షట్టర్ విడిగా దొరకదు బాబూ. పగిలిన కెమెరాలోంచి తీసి వేయగలను గానీ, వేగాలు సరిచూసే యంత్రం నా దగ్గర లేదు. పెళ్ళి ఫోటోలు తీసేవాడివి, నా చేతిలో పెట్టకు. షట్టర్ ధర న్యాయమే. ఆ నాలుగు వేలు మాత్రం ఇవ్వకు” అన్నాడు. టీ తాగించి పంపాడు, పైసా తీసుకోలేదు. ఏసీ గదిలో టై కట్టుకున్న మనిషి నాకు అబద్ధం చెప్పాడు. ఫ్యాను కూడా సరిగా తిరగని కొట్టులో ఈ పెద్దాయన తనకు రాదగిన బేరాన్ని వదులుకుని నిజం చెప్పాడు. పనితనం అనే మాటకు నాకు తెలిసిన అర్థం ఇదే.

సర్వీసు కేంద్రంలో మళ్ళీ అదే పాట. అడిగింది ఒక్కటే: ఈ రుసుము ఉన్నట్టు గోడ మీద గానీ, జాబ్‌షీటు మీద గానీ, రసీదు వెనక గానీ ఎక్కడ రాసి ఉందో చూపించండి. చూపించలేకపోయారు. మేనేజరు చివరి అస్త్రం తీశాడు: “మీరు వ్యాపారానికి వాడుతున్నారు. వినియోగదారు కిందకు రారు.”

అదీ తప్పే. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో, స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికి మాత్రమే వాడుకునే వస్తువును వాణిజ్య అవసరం కింద లెక్కించరాదని స్పష్టంగా వివరణ ఉంది. కుట్టుమిషను కొనుక్కున్న దర్జీ, ఆటో కొనుక్కున్న డ్రైవరు, కెమెరా కొనుక్కున్న నేను, అందరం వినియోగదారులమే. ఈ మాట ఎవరైనా మీతో అంటే తల వంచకండి.

బయటకు వచ్చి మెట్ల మీద నిలబడి 1915కు ఫోన్ చేశాను. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం. తెలుగులోనే మాట్లాడారు. ఫిర్యాదు నెంబరు ఇచ్చారు. జాబ్‌షీటు, ఎస్టిమేటు, కస్టమ్స్ రసీదు ఫోటోలు తీసి జత చేశాను. ఇది కోర్టు కాదు, ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు రాబడతారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మనం చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే అక్కడ దాఖలు రుసుము లేదు. దానికీ సిద్ధపడే ఉన్నాను.

ఆ అవసరం రాలేదు. ఆరో రోజు కంపెనీ ప్రధాన కార్యాలయం నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. నిర్వహణ రుసుము, శుభ్రపరచే రుసుము తీసేస్తున్నామంది. కారణం చెప్పలేదు. కొత్త ఎస్టిమేటు 20,700, జీఎస్టీ 3,726, మొత్తం 24,426. పరిశీలనకు కట్టిన 2,950 మాత్రం తగ్గించలేదు, కాబట్టి నా చేతి నుంచి పోయింది 27,376. ఆ 2,950 కోసం ఇంకో నెల పోట్లాడే ఓపిక లేక ఒప్పుకున్నాను. తగ్గింది 6,490. అందులో సగానికి పైగా రైళ్ళకూ తిండికీ పోయింది.

మొన్న కెమెరా తెచ్చుకునేటప్పుడు తొందరపడలేదు. కౌంటరు దగ్గరే లెన్సు బిగించి యాభై ఫోటోలు తీశాను, నెమ్మది వేగం నుంచి సెకనులో 4,000వ వంతు దాకా. అన్నీ సరిగా వచ్చాయి. చేసిన పని బాగా చేశారు, ఆ సంగతి కూడా రాయాలి. పాత షట్టర్ అడిగి తీసుకున్నాను. వంకర తిరిగిన ఆ రేకు, గోరంత మందం కూడా లేదు, చిన్న కవరులో నా బల్ల మీద ఉంది. సంతృప్తిగా అందుకున్నాను అని ముందే అచ్చు వేసిన చోట సంతకం పెట్టమన్నారు. సంతకం కింద తెలుగులో, ఫిర్యాదు చేశాకే రెండు రుసుములు తొలగించారు అని రాసి, ఫిర్యాదు నెంబరు వేశాను. కుర్రవాడు వద్దన్నాడు. రాశాకే సంచి భుజాన వేసుకున్నాను.

నిన్న సాయంత్రం కాకినాడ కుర్రవాడు ఫోన్ చేశాడు. ఆ రోజు అతను తెచ్చింది దుబాయ్‌లో పనిచేసే వాళ్ళ అన్నయ్య కొనిచ్చిన లెన్సు. దానికీ అదే పేరుతో నాలుగు వేలు వేశారట. “గురువుగారూ, మీతో అలా మాట్లాడుతుంటే నేను నోరు తెరవలేకపోయాను” అని బాధపడ్డాడు. నేను పెట్టిన ఫిర్యాదు మాటలు యథాతథంగా పంపించాను. కౌంటరు దగ్గర ఒక్కడే నిలబడాలంటే భయంగా ఉందన్నాడు. సోమవారం రాత్రి గౌతమికి రెండు టికెట్లు తీశాను.