పాలు పోయకముందే టీపొడి సంగతి తేలుతుంది

రెండు రకాల టీపొడులు తెచ్చి, ఇవాళ ఒకటి రేపు ఒకటి కాచి, ఏది బాగుందో తేల్చుకుందామనుకుంటారు చాలామంది. అలా ఎప్పటికీ తేలదు. నిన్న గేదె పాలు చిక్కగా వచ్చాయి, ఇవాళ పాకెట్ పాలు పోశారు. నిన్న అల్లం ముక్క కాస్త పెద్దది పడింది. పంచదార సంగతి సరేసరి. ఇన్ని మారిపోయాక నాలుకకి తగిలిన తేడా పొడిదా, పాలదా, అల్లానిదా?

పొడుల్ని పోల్చాలంటే పక్కపక్కన పెట్టి, ఒకేసారి, ఒకే నీళ్లతో చూడాలి. మొదటి విడత పాలు, పంచదార, మసాలా ఏవీ ఉండకూడదు. మన బెజవాడలో పాలు లేని టీ తాగేవాళ్లు తక్కువ కాబట్టి ఈ మాట చెప్పగానే మొహం చిట్లిస్తారు. కడుపునిండా తాగమని కాదు, రెండు మూడు గుక్కలు చాలు. పాలు పొడిలోని దోషాల్ని సగం కప్పేస్తాయి, మిగతా సగం యాలకులు కప్పేస్తాయి.

చెంచాతో మాత్రం కొలవకండి. తలకొట్టిన టీస్పూనుడు సీటీసీ గింజలు, అంటే ఆకును నలిపి గింజకట్టించిన టీపొడి, దాదాపు రెండు, రెండున్నర గ్రాములు తూగుతాయి. సన్నటి డస్టు అంతకన్నా ఎక్కువ తూగుతుంది. చుట్టలు చుట్టుకున్న నీలగిరి ఆకైతే అదే చెంచాలో గ్రామున్నర కూడా పట్టదు. చెంచా లెక్కన కాచి "ఆకు టీ నీళ్లలా ఉంది, డస్టు కడక్‌గా ఉంది" అంటే అది ఆకు తప్పు కాదు, కొలత తప్పు. గ్రాములో పదో వంతు చూపించే చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనుక్కోండి. మసాలా తూచడానికీ అదే పనికొస్తుంది.

టీ రుచి చూడడానికి ఐఎస్ఓ 3103 అని ఒక అంతర్జాతీయ ప్రమాణం 1980లో వచ్చింది. 100 మిల్లీలీటర్ల నీళ్లకు 2 గ్రాముల పొడి, సలసల మరుగుతున్న నీళ్లు, మూతపెట్టి 6 నిమిషాలు. ఇలా చేసిన టీ తాగడానికి బాగుండదు, వగరుగా ఘాటుగా వస్తుంది. ఆ పద్ధతిలోని కిటుకే అది. అన్ని పొడుల్నీ ఒకేలా కష్టపెడితే ఏది తట్టుకుంటుందో, ఏది పాడైపోతుందో బయటపడుతుంది. ఇంట్లో అయితే లోపల తెల్లగా ఉన్న పింగాణీ కప్పులు మూడు, వాటి మీదికి చిన్న సాసర్లు, మూడు చిన్న వడపోతలు ఉంటే సరిపోతుంది. స్టీలు గ్లాసులో రంగు కనపడదు. మూడింటికన్నా ఎక్కువ కప్పులు పెట్టకండి, నాలుక తికమకపడుతుంది.

నీళ్ల దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే మన ఊళ్లలో సగం తగాదా అక్కడే ఉంది. కృష్ణ నీళ్లు వచ్చే కుళాయికీ, అపార్ట్‌మెంటు బోరుకీ, ఇరవై లీటర్ల టిన్నుకీ ఒకే పొడి మూడు రకాలుగా దిగుతుంది. బోరు నీళ్లలో కాల్షియం, బైకార్బొనేటు ఎక్కువ ఉంటే డికాషన్ మీద నూనెతెట్టులా పల్చటి పొర కడుతుంది, కప్పు అంచున గోధుమరంగు గీత మిగులుతుంది, రంగు నల్లబడి చురుకు పోతుంది. ఆర్వో నీళ్లలో ఖనిజాలు మరీ తీసేస్తే దీనికి పూర్తిగా ఎదురు. రంగు తళతళలాడుతుంది గానీ వగరు సూదిలా తగులుతుంది. నా నాలుకకి టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల కొలత, 100 దరిదాపుల్లో ఉన్న నీళ్లు నప్పుతాయి. అయితే మీరు రోజూ టీ పెట్టుకునే నీళ్లతోనే పోల్చండి. టిన్ను నీళ్లతో గెలిచిన పొడి మీ బోరు నీళ్లలో ఓడిపోవచ్చు. ఒకసారి కాగి చల్లారిన నీళ్లు మళ్లీ కాచకుండా, ప్రతిసారీ తాజా నీళ్లే పెట్టండి.

మొదటిసారి పోల్చేవాళ్లు దూరదూరంగా ఉన్న మూడు రకాలు తీసుకుంటే తేడా వెంటనే పట్టుబడుతుంది: ఒకటి అస్సాం సీటీసీ గింజ, ఇంకొకటి మనం రోజూ వాడే దక్షిణాది డస్టు, మూడోది నీలగిరి ఆర్థడాక్స్ ఆకు. సీటీసీ పద్ధతి 1930ల్లో అస్సాంలో మొదలైంది. పళ్లున్న రోలర్ల మధ్య ఆకు నలిగి, చిరిగి, గింజకడుతుంది. ఆకులోని కణాలు బాగా చితికిపోతాయి కాబట్టి రంగూ చిక్కదనమూ త్వరగా దిగుతాయి. ఆర్థడాక్స్ పద్ధతిలో ఆకును మెలితిప్పుతారు గానీ అంతగా చిదమరు. అందుకే నెమ్మదిగా దిగుతుంది, పరిమళం ఎక్కువ నిలుస్తుంది. డస్టును చెత్త అని తీసిపారేయకండి, అది జల్లెడలో అన్నిటికన్నా కిందికి దిగిన సైజు, అంతే. మంచి తోట డస్టు నాసిరకం గింజను ఓడిస్తుంది. టీ కొట్లవాళ్లు డస్టు వాడడానికి కారణం కూడా సైజే. రేణువు ఎంత సన్నమైతే నీళ్లు అంత త్వరగా లోపలికి పోతాయి, ఒక్క పొంగులో రంగు వస్తుంది.

ఆరు నిమిషాలయ్యాక ముందు డికాషన్ దగ్గరికి పోకండి. సాసరు తీసి, వడపోతలో మిగిలిన తడిపిప్పిని ముక్కు దగ్గర పెట్టుకోండి. వాసన పచ్చిగా తెలిసేది ఇక్కడే. అస్సాం రెండో కోత, అంటే మే, జూన్ నెలల ఆకైతే మొలకెత్తించి వేయించిన గింజల వాసన, కాస్త తేనె వాసన వస్తుంది. నీలగిరిది పూల వాసన, ఒక్కోసారి నిమ్మతొక్క ఛాయ. పొగవాసన వస్తే ఆకు ఎండబెట్టే దగ్గర తేడా జరిగింది. తడిగోనె వాసన వస్తే నిల్వలో చెమ్మ పట్టింది. పిప్పి రంగు కూడా చూడండి. రాగి బిందె తోమినట్టు ఎర్రగా మెరుస్తుంటే ఆకు సరిగ్గా పులిసిందన్నమాట. ముదురు గోధుమ, నలుపు కలిసి మచ్చలుగా ఉంటే కలగలుపు సరుకు. ఆకుపచ్చ ముక్కలు ఎక్కువ కనిపిస్తే పచ్చివగరు ఖాయం.

ఇప్పుడు తాగాలి. చెంచాతో తీసుకుని గట్టిగా, చప్పుడొచ్చేలా జుర్రాలి. మర్యాద సంగతి పక్కన పెట్టండి. జుర్రినప్పుడు టీ నోరంతా చిమ్ముకుంటుంది, ఆవిరి గొంతు వెనక నుంచి ముక్కుకెక్కుతుంది. మూతి బిగించి గుటక వేస్తే సగం రుచి తెలీదు. చిగుళ్లు, బుగ్గలు లోపలికి లాగినట్టు అనిపిస్తే అది వగరు. నాలుక మీద నిలిచిపోయేది చేదు. ఈ రెంటినీ విడదీసి పట్టుకోవడం నేర్చుకుంటే టీ పరీక్షలో సగం నేర్చినట్టే, ఎందుకంటే పాలలోని కేసీన్ అనే ప్రొటీను వగరుకు కారణమైన పాలీఫెనాల్స్‌ను పట్టుకుని వగరు తగ్గిస్తుంది. చేదు దగ్గర దానికంత బలం లేదు. కాబట్టి ఒట్టిగా తాగితే వగరుతో దడిపించిన అస్సాం, పాలు పడగానే సరిగ్గా కుదురుకుంటుంది. ఒట్టిగా ఎంతో హాయిగా ఉన్న నీలగిరి ఆకు పాలలో కనపడకుండా పోతుంది. చేదు పొడి పాలు పోసినా చేదే, అందుకే దానికి ఇంకో చెంచా పంచదార తోడు కావాల్సి వస్తుంది.

మిగిలిన డికాషన్‌ను పారబోయకుండా చల్లారనివ్వండి. అస్సాం సీటీసీ చల్లారే కొద్దీ మసకబారుతుంది. కెఫీన్, పాలీఫెనాల్స్ ఒకదాన్నొకటి పట్టుకోవడం వల్ల అలా అవుతుంది, పాడైపోయిందని కాదు, సారం ఉందని గుర్తు. నీలగిరి చాలావరకు తేటగానే ఉంటుంది. ఐస్ టీకి నీలగిరి ఆకు వాడేది ఇందుకే. మే నెల బెజవాడ ఎండల్లో నిమ్మరసం పిండి, ఐసు వేసి తాగడానికి దీన్ని మించింది లేదు.

రెండో విడత పాలతో. ఇక్కడ ఐఎస్ఓ లెక్క పనికిరాదు, మన టీ కాచేది కాబట్టి. రెండు కప్పులకు 150 మిల్లీలీటర్ల నీళ్లు మరిగించి, 5 గ్రాముల పొడి వేసి, గింజైతే రెండు నిమిషాలు, డస్టైతే ఒక్క నిమిషం మరగనివ్వండి. ముందే కాచిన పాలు 120 మిల్లీలీటర్లు పోసి ఒక పొంగు రానిచ్చి, మంట తగ్గించి ఇంకో నిమిషంన్నర ఉంచి వడకట్టండి. పాలు అన్ని కప్పులకూ ఒకే పాకెట్‌వి కావాలి. విజయ అయినా సంగం అయినా పాకెట్ మీద వెన్న శాతం ఉంటుంది చూడండి. టోన్డ్ పాలలో 3 శాతం, స్టాండర్డైజ్డ్‌లో 4.5, ఫుల్ క్రీమ్‌లో 6. ఫుల్ క్రీమ్ పాలు పోసి పరీక్షిస్తే బలహీనమైన పొడులన్నీ ఒకేలా అనిపిస్తాయి. పరీక్షకు టోన్డ్ పాలే నయం. పాలు పోసిన క్షణంలో రంగు చూడండి. కొత్త ఇటుక రంగు తిరిగితే మంచి పొడి. బూడిదరంగు తిరిగితే ఎంత మరగకాచినా లాభం లేదు, మరిగేకొద్దీ చేదే దిగుతుంది.

డార్జిలింగ్ మొదటి కోత ఆకు ఎవరైనా బహుమతిగా ఇస్తే దయచేసి పాలలో వేసి కాయకండి. మరిగాక నీళ్లను ఒక పింగాణీ కప్పులోకి ఒంపి, అక్కడి నుంచి ఆకు మీద పోస్తే వేడి కాస్త తగ్గుతుంది. 200 మిల్లీలీటర్లకు రెండున్నర గ్రాములు, మూడు నిమిషాలు, వడకట్టేయడమే.

మసాలా సంగతి మూడో విడతలో, పాలటీకి నెగ్గిన పొడి ఒక్కదానితోనే. మసాలా టీకి ఖరీదైన ఆకు అక్కర్లేదు, బలమైన సీటీసీ కావాలి. నేను ఎవరికైనా మొదట చెప్పే పాళ్లు ఇవి: యాలకులు 20 గ్రాములు, శొంఠి 20, మిరియాలు 10, దాల్చినచెక్క 8, లవంగాలు 4, జాజికాయ 1 గ్రాము. రెండు కప్పులకు అర గ్రాము, అంటే పావు టీస్పూను చాలు. దీన్ని మధ్యలో పెట్టుకుని, ఒక్కోసారి ఒక్క దినుసే మార్చి పక్కన ఇంకో కప్పు కాచి చూడండి. మిరియాలు రెట్టింపు చేస్తే మొదటి గుక్కలో తేడా తెలీదు, అర నిమిషం తర్వాత గొంతులో మంట తెలుస్తుంది. కాబట్టి మసాలా టీ మీద తీర్పు తొందరగా చెప్పకూడదు. లవంగం 4 నుంచి 8కి పెంచి చూడండి, అందులోని యూజెనాల్ నాలుకను కాస్త మొద్దుబారుస్తుంది, ఆ తర్వాతి కప్పులన్నీ చప్పబడతాయి. అందుకే లవంగం ఎక్కువున్న కప్పు వరుసలో చివర ఉండాలి. సోంపు కలిపితే తీపి ఛాయ వస్తుంది, పంచదార తగ్గించవచ్చు. నాకైతే టీలో సోంపు వాసన నచ్చదు, కానీ నచ్చేవాళ్లకు 5 గ్రాములు దాటకపోతే బాగుంటుంది.

దాల్చినచెక్క పొడి ఎక్కువైతే టీకి జిగురు వస్తుంది, వడపోత మూసుకుపోతుంది. దాన్ని ముక్కగా విరిచి నీళ్లలోనే వేసి మరిగించడం మేలు. యాలకులది వేరే లెక్క. వాటి నూనె ఆవిరైపోయే రకం, మొదట్లో వేస్తే వీధంతా ఘుమఘుమలాడుతుంది, కప్పులో ఏమీ మిగలదు. దించే ముందు అర నిమిషం ఉంటే చాలు. పైన పచ్చరంగు చూసి యాలకులు కొనకండి, ఒకటి చిదిమి చూడండి. గింజ నల్లగా, వేలికి అంటుకునేలా ఉండాలి. ఎండి గోధుమరంగుకు తిరిగిన గింజలో వాసన అయిపోయినట్టే.

పచ్చి అల్లం వేసేవాళ్లకు పాలు విరుగుతున్నాయంటే కారణం ఉంది. అల్లంలో ప్రొటీన్‌ను కోసే ఎంజైము ఉంది, మరిగితే అది పనిచేయడం మానేస్తుంది. దంచిన అల్లాన్ని ముందు నీళ్లలో మూడు నిమిషాలు మరిగించి, తర్వాత పొడి, ఆ తర్వాత పాలు. బెల్లం టీకైతే బెల్లాన్ని గిన్నెలో కాకుండా గ్లాసులో వేసుకుని, దాని మీదికి టీ వడకట్టుకుని కలపండి. పొయ్యి మీద మరుగుతున్న పాలలో బెల్లం వేస్తే, అందులోని పులుపును బట్టి విరిగే ప్రమాదం ఉంది.

ఆవకాయన్నం తిన్న గంటలోపు, కిళ్లీ వేసుకున్న నోటితో ఈ పనికి కూర్చోవద్దు. కప్పుకీ కప్పుకీ మధ్య గోరువెచ్చటి నీళ్లు పుక్కిలించి నాలుగు ఉప్పులేని మరమరాలు నమిలితే నోరు శుభ్రపడుతుంది.

కొనే దగ్గర ఒక జాగ్రత్త. టీపొడి పక్కనున్న వాసనంతా పీల్చుకుంటుంది. గుంటూరు పట్నం బజారులో, మన వన్‌టౌన్‌లో కిరాణా కొట్లలో ఎండుమిర్చి బస్తాల పక్కనే మూతలేని టీపొడి బస్తా ఉంటే అక్కడ లూజు సరుకు కొనకండి, ఎంత మంచి తోటదైనా సరే. డికాషన్‌లో ఆ ఘాటు గొంతుకి తగులుతుంది. కొన్న పొడి నెలకు సరిపడా మాత్రమే, బిగుతు మూతున్న స్టీలు డబ్బాలో, పోపుల డబ్బాకీ పొయ్యికీ దూరంగా. ఫ్రిజ్‌లో వద్దు, తీసిపెట్టిన ప్రతిసారీ చెమ్మ పడుతుంది. మసాలా పొడి కూడా నెలకు మించి దంచి పెట్టుకోవద్దు.

లూజు పొడి ఇంటికి తెచ్చాక ముందు ఒక తెల్లటి ఫిల్టరు కాగితం మీద చిటికెడు చల్లి, నీళ్లు చిలకరించి చూడండి. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెప్పే పరీక్షే ఇది. కాగితాన్ని కుళాయి కింద కడిగి వెలుతురులో పెట్టినప్పుడు రంగు మరకలు మిగిలితే ఆ పొడికి రంగు పూశారన్నమాట, ఇక కప్పులూ కాటా తీయాల్సిన పని లేదు.