స్టీల్ ఫైబర్ ఉండగా నానో సిలికా ఎందుకు?

గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల నేలలు పడే కష్టం అంతా ఇంతా కాదు. పైన మిర్చి టిక్కీల (బస్తాల) బరువు, రోజంతా ట్రాలీల తిరుగుడు, కిందేమో వానకి ఉబ్బి ఎండకి బీటలు వారే నల్లరేగడి. ఇలాంటి చోట సన్నటి ఉక్కు తీగ ముక్కలు కలిపిన స్టీల్ ఫైబర్ కాంక్రీట్ వెయ్యండని నేను ఎప్పటినుంచో చెబుతున్నాను. అయితే దాంట్లో నానో సిలికా, అంటే అతి సూక్ష్మమైన సిలికా రేణువులు, కూడా కలపమంటే మాత్రం "ఫైబర్ వేశాం కదండీ, మళ్లీ ఈ ఖర్చు దేనికి?" అంటారు. అడగాల్సిన ప్రశ్నే.

మట్టి గోడకి వరిగడ్డి కలిపి తొక్కేవాళ్లు మన పెద్దవాళ్లు, ఫైబర్ పని కూడా అదే. పగులు అసలు రాకుండా ఆపడం కంటే, వచ్చిన పగులు వెడల్పు కాకుండా రెండు వైపులా పట్టి ఉంచడం దాని అసలు బలం. కానీ తీగ ఎంత గట్టిదైతే ఏం, దాన్ని పట్టుకున్న సిమెంటు గుల్లగా ఉంటే జారిపోతుంది. ఫైబర్ చుట్టూ, కంకర చుట్టూ కూడా, కొన్ని పదుల మైక్రాన్ల మందాన ఒక బలహీనమైన పొర ఉంటుంది, ఎందుకంటే సిమెంటు రేణువులు ఆ అంచున దగ్గరదగ్గరగా సర్దుకోలేవు, నీళ్లు చేరతాయి, ఆరాక ఖాళీలూ కాల్షియం హైడ్రాక్సైడ్ స్ఫటికాలూ మిగులుతాయి.

నానో సిలికా పనిచేసేది సరిగ్గా అక్కడే. 100 నానోమీటర్ల లోపు రేణువులు కాబట్టి సిమెంటు దూరలేని సందుల్లోకి దూరి, ఆ కాల్షియం హైడ్రాక్సైడ్‌తోనే కలిసి, కాంక్రీటుకి అసలు బలాన్నిచ్చే కాల్షియం సిలికేట్ హైడ్రేట్ జెల్‌గా మారుస్తాయి. ఫైబర్‌కి పట్టు దొరుకుతుంది. ఫ్లై యాష్ (బొగ్గు కాల్చగా వచ్చే సన్నటి బూడిద) ఎక్కువ వేసే మిక్సుల్లో ఇంకో లాభం కూడా ఉంది: ఫ్లై యాష్ నెమ్మదిగా పనిచేస్తుంది, మొదటి రోజుల్లో తగ్గే బలాన్ని నానో సిలికా కొంత పూడుస్తుంది.

అసలు తలనొప్పి కలపడంలోనే. సిమెంటు బరువులో సాధారణంగా 1 నుంచి 3 శాతం చాలు, అంతకు మించితే రేణువులు ఒకదానికొకటి అంటుకుని ఉండలు కడతాయి, ఆ ఉండలే కాంక్రీటులో బలహీనమైన చోట్లవుతాయి. పొడి తెచ్చి మిక్సర్లో గుమ్మరించడం శుద్ధ దండగ. ద్రవరూపంలో దొరికేది తీసుకుని ముందు నీళ్లలో కలపాలి, అందులో ఉన్న నీటిని మిక్సు నీటిలోంచి తీసెయ్యాలి. స్లంప్, అంటే తడి కాంక్రీటు జారుడు, ఎలాగూ పడిపోతుంది, దానికి నీళ్లు పొయ్యకుండా, జారుడు పెంచే రసాయనమైన సూపర్ ప్లాస్టిసైజర్ మోతాదు సరిచూసుకోవాలి. ఈ మాట మేస్త్రీకి ముందే చెప్పి ఒప్పించకపోతే ఖర్చంతా నీళ్లపాలే.

ఇంకోటి. పట్టు మరీ పెరిగితే కొన్ని రకాల ఫైబర్ మెల్లగా జారే బదులు పుటుక్కున తెగుతుంది. అందుకే 28 రోజులకి కాంక్రీటు దిమ్మని నొక్కి చూసే క్యూబ్ పరీక్ష ఫలితం ఒక్కటి చూసి సంబరపడకండి, బీమ్ వంపు పరీక్షలో పగులు వచ్చాక కూడా ఎంత బరువు మోస్తోందో అడిగి చూడండి.

మన బెజవాడ, గుంటూరు ఎండల్లో పని పెట్టుకుంటే మరీ జాగ్రత్త. నానో సిలికా ఉన్న కాంక్రీటు పైకి నీళ్లు తక్కువ వదులుతుంది, పైపొర చూస్తుండగానే ఆరి వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి. వేసవిలో అయితే సాయంత్రం చల్లబడ్డాకే పొయ్యండి, ఫినిషింగ్ అవ్వగానే ప్లాస్టిక్ షీటు కప్పండి, గట్టిపడ్డాక తడి గోనె పట్టాలు పరచండి. మామూలు ఇంటి శ్లాబుకి ఇదంతా అక్కర్లేదు, ఆ డబ్బు మంచి ఇసుకకీ సరైన క్యూరింగ్‌కీ పెట్టుకుంటే మేలు.