గొట్టంలో పల్ప్ వేరు, మగ్గులో పల్ప్ వేరు

నేను రాజమండ్రి వైపు ఓ కాగితం మిల్లు ల్యాబ్‌లో పనిచేస్తాను. "గుజ్జు చిక్కగా ఉందో పల్చగా ఉందో చూడ్డానికి కూడా జీతమా?" అని కడియంలో మా చుట్టాల వెటకారం. సరుగుడు, సుబాబుల్ లారీలు చూస్తారు గానీ ఆ కర్ర తర్వాత ఏమవుతుందో వాళ్లకి పట్టదు.

పల్ప్ అంటే ఆ కర్ర పీచు, నీళ్లు కలిసిన గుజ్జు. వంద గ్రాముల పల్ప్‌లో ఎన్ని గ్రాముల ఎండు పీచు ఉందో, అదే కన్సిస్టెన్సీ, అంటే చిక్కదనం. గంటకు 200 ఘనపు మీటర్లు పారే లైన్లో 3.5 శాతం ఉంటే 7 టన్నుల పీచు. 3.3 అని రాస్తే 6.6. రోజు మొత్తానికి 9.6 టన్నులు లెక్కల్లో మాయం! మీటింగుల్లో అరుపులన్నీ దీని గురించే.

తూచిన ఫిల్టర్ పేపర్ మీద వడకట్టడం, 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు ఇక మారదనేదాకా ఆరబెట్టడం, మళ్లీ తూచడం. ఇందులో పెద్దగా తేడా రాదు. వచ్చేదంతా శాంపిల్ పట్టే వాల్వ్ దగ్గరే. ఈ చిక్కదనంలో పల్ప్ నెమ్మదిగా పారుతుంటే నీళ్లలా కలిసిపోదు. పీచంతా మధ్యలో ఒక దిమ్మలా జారుతుంది, గోడ వెంట పల్చటి నీటి పొర. మా పాత ట్యాపింగ్ (పైపులోంచి శాంపిల్ తీసే చోటు) అడ్డపైపుకి, గోడ దగ్గరే, సన్న వాల్వ్‌తో ఉండేది. పైగా వేడి పల్ప్ బూట్ల మీద చిందుతుందని షిఫ్ట్ కుర్రాళ్లు దాన్ని సగమే తిప్పేవాళ్లు. సన్నమూతి చెంబులోంచి సేమియా పాయసం వంచినట్టే, పాలు దిగుతాయి, సేమియా ఆగిపోతుంది.

ఆ నీళ్ల శాంపిల్ అంకె చూసి ట్రాన్స్‌మిటర్‌ని (లైన్లోనే ఉండి చిక్కదనం కొలిచి స్క్రీన్‌కి పంపే మీటర్) "సరిచేయడం" ఏం న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

షట్‌డౌన్‌లో ట్యాపింగ్‌ని పంపు తర్వాత నిలువు పైపుకి, ట్రాన్స్‌మిటర్ పక్కకి మార్పించాం. పిస్టన్ లోపలికి వెళ్లి తెరుచుకునే వాల్వ్. ముందు పూర్తిగా తెరిచి కాస్త వదిలేయాలి, తర్వాత కొంచెం కొంచెంగా కొన్నిసార్లు బకెట్లో పట్టి కలపాలి, ఆ క్షణానికి స్క్రీన్ మీదున్న రీడింగ్ పక్కనే రాసుకోవాలి. అప్పట్నుంచి రెండు అంకెలూ కలిసే కదులుతున్నాయి.

పాత కాగితం ముక్కలు కలిసే లైన్ మాత్రం ఇంకా తలనొప్పే. కాగితంలోని క్లే, అంటే తెల్లమట్టి పొడి, మా తూకంలో పడుతుంది, ట్రాన్స్‌మిటర్‌లో పీచు తోపుని బట్టి కొలిచే బ్లేడుకి అది దాదాపు ఆనదు. అందుకే ఆ శాంపిల్‌ని 525 డిగ్రీల్లో కాల్చి, పీచు కాలిపోయాక మిగిలే బూడిద లెక్క విడిగా రాస్తున్నాను. మైక్రోవేవ్ రకం మీటర్ అయితే రెండూ చూస్తుంది, గాలి బుడగలు లేకపోతే. అడిగాను. ఖరీదు వినగానే మా సారు "ముందు టీ తాగుదాం రావయ్యా" అన్నారు.