పెనాంగ్ వీధుల్లో కనగర్తల పులుసు

మలేసియా పశ్చిమ తీరాన ఉన్న పెనాంగ్ దీవికి నేను ఇప్పటికి రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి ఒక యాత్రా బృందంతో వెళ్లినప్పుడు, ఒకే రాత్రి మూడు గంటల్లో తొమ్మిది రకాల తిండ్లు రుచి చూపించి బస్సెక్కించారు. బసకు చేరేసరికి ఏది ఎక్కడ తిన్నామో, ఏ రుచి దేనిదో గుర్తు లేకుండా పోయింది. ఆ వెలితి చాలాకాలం మనసులో ఉండిపోయింది. రెండోసారి ఒక్కదాన్నే వెళ్లి, ఆ దీవి ముఖ్యపట్నమైన జార్జ్ టౌన్‌లో ఆరు రోజులు ఉండి, మూడు నాలుగు వంటకాలను మాత్రమే ఎంచుకుని, వాటిని వండే బండ్ల దగ్గరికే మళ్లీ మళ్లీ వెళ్లాను. బండి మీద వండేవాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి ఒకే వంటకాన్ని చేస్తారు. అలాంటి చేతిపనిని ఒక్క పూటలో చూసి వచ్చేయడం తగదని నాకు అక్కడే అర్థమైంది. అప్పటినుంచి ఏ దేశానికి వెళ్లినా ఇదే పద్ధతి పాటిస్తున్నాను.

ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ లైట్ 1786లో ఈ దీవిని స్వాధీనం చేసుకుని రేవు పట్నం కట్టించినప్పటి నుంచి, చైనా దక్షిణ తీరం వాళ్లు, తమిళ ముస్లిం వర్తకులు, మలయ్ జనం, ఇంకా ఎందరో ఇక్కడ పక్కపక్కనే బతుకుతున్నారు. 2008లో జార్జ్ టౌన్‌ను మలక్కాతో కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఊరి మధ్యలో ఉన్న పాత మసీదు పేరు కపితాన్ కెలింగ్. కెలింగ్ అనే మాట మన కళింగ నుంచే వచ్చిందని చెబుతారు. బంగాళాఖాతం దాటి వచ్చిన మనవైపు వాళ్లందరినీ ఒకప్పుడు ఆ పేరుతోనే పిలిచేవారు. ఇప్పుడు మాత్రం మనుషుల్ని అలా పిలిస్తే అవమానంగా భావిస్తారు కాబట్టి ఆ మాటను మసీదు పేరులో చదివి ఊరుకోవడమే మర్యాద. అక్కడి పాత బజారు పేరు చౌరస్తా. హైదరాబాదు వాళ్లకు ఆ పేరుకు అర్థం చెప్పనక్కర్లేదు.

నాసి కందర్ అనే వంటకం పేరు విన్నప్పుడు కూడా ఇలాంటి దగ్గరితనమే అనిపించింది. నాసి అంటే అన్నం, కందర్ అంటే కావడి. తమిళ ముస్లిం వర్తకులు కావడికి ఒకవైపు అన్నం కుండ, రెండోవైపు కూరల కుండ వేలాడదీసుకుని, రేవులో బరువులు మోసే కూలీల దగ్గరికి పొద్దున్నే వెళ్లి అమ్మేవారట. ఇప్పుడు కావళ్లు లేవు, దుకాణాలు వచ్చాయి. పేరు మాత్రం భుజం మీది నుంచి దిగలేదు. పళ్లెంలో అన్నం పెట్టి, దాని మీద చేపో కోడికూరో బెండకాయో వేశాక, నాలుగు రకాల కూరల పులుసులు తీసి కలిపి పోస్తారు. అన్నం మునిగేలా పోయమనడానికి అక్కడివాళ్లు వాడే మాట ‘బంజిర్’, అంటే వరద. కూరకు కూర వేరుగా ఉండాలనుకునే నాకు మొదటి రోజు అది నచ్చలేదు. నాలుగు పులుసులు కలిసి ఐదో రుచి పుడుతుందని మూడో రోజుకు తెలిసింది.

చార్ క్వే తియావ్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. రిబ్బనుల్లా వెడల్పుగా ఉండే బియ్యపు నూడుల్స్‌ను రొయ్యలు, గుల్లలు, గుడ్డు, పెసర మొలకలు, ఉల్లికాడల్లాంటి ఆకులతో కలిపి పెద్ద మూకుడులో వేయించే వంటకం ఇది. నేను రోజూ వెళ్లిన బండి ఒక పాత కాఫీ కొట్టు గుమ్మంలో ఉండేది. అక్కడి పద్ధతి ప్రకారం బల్ల కొట్టువాడిది, వంట బండివాడిది. బండి దగ్గర తిండి చెప్పి బల్ల చూపించి కూర్చుంటే పళ్లెం మన దగ్గరికి వస్తుంది. కొట్టువాడి దగ్గర టీయో కాఫీయో తీసుకోవడం మన వంతు మర్యాద. అరవై ఏళ్లు దాటిన ఆ వంటాయన బొగ్గుల పొయ్యి ముందు నిలబడి, ఎంతమంది ఎదురుచూస్తున్నా ఒక్కొక్క పళ్లెమే విడిగా వేయించేవారు. వెల్లుల్లి చిటపటలాడగానే నూడుల్స్ వేసి, సోయా నీళ్లు చల్లి, అన్నిటినీ ఒక పక్కకు నెట్టి, ఖాళీ అయిన చోట గుడ్డు కొట్టి, అది సగం గట్టిపడగానే నూడుల్స్‌ను దాని మీదికి లాగేవారు. గుల్లలు ఆఖరున పడేవి, ఎందుకంటే అవి కాస్త ఎక్కువ ఉడికినా రబ్బరులా సాగుతాయి. గరిటె మూకుడును తాకే చప్పుడు ఒక లయలో వినిపించేది, ఆ లయ ఆగిందంటే పళ్లెం సిద్ధమైందని అర్థం.

రెండు పళ్లేలకు సరిపడా కలిపి వేయిస్తే త్వరగా అవుతుంది కదా అని నేను మూడో రోజు ఆయన్ను అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపి, ఎక్కువ వేస్తే మూకుడు చల్లబడుతుందని, అప్పుడు నూడుల్స్ వేగవని, నీరు వదిలి ఉడుకుతాయని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పారు. ఎర్రగా కాలిన ఇనుము మీద క్షణాల్లో వేగినప్పుడు పుట్టే ఆ పొగ వాసనకు చైనావాళ్లు ‘మూకుడు ఊపిరి’ అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. ఆ వాసన పళ్లెంలో అయిదు నిమిషాలకు మించి నిలవదు కాబట్టి, ఫొటోలు తీసుకోవడం మానేసి వెంటనే తినడం మంచిది. సంప్రదాయం ప్రకారం దీన్ని పందికొవ్వుతో వేయిస్తారు. అది తిననివారు ముందే అడిగి తెలుసుకోవాలి, లేదా ముస్లింలు నడిపే బండికి వెళ్లాలి.

ఇక నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించిన వంటకం అసం లక్సా. మలయ్ భాషలో అసం అంటే పులుపు, మన అస్సాం రాష్ట్రంతో దీనికి సంబంధం లేదు. కెక్ లోక్ సి బౌద్ధాలయం ఉన్న కొండ దిగువన, ఆయెర్ ఇతాం సంత దగ్గర ఒకావిడ వండుతుంటే దగ్గరగా నిలబడి చూశాను. కెంబుంగ్ అనే చేపను ఉడికించి, ముళ్లు ఏరి, చింతపండు పులుసులో నలిపి కలిపి, మిరపకాయలు, నిమ్మగడ్డి, రొయ్యల ముద్ద, అల్లం జాతి మొక్కకు పూసే బుంగ కంతన్ అనే గులాబీరంగు పువ్వు మొగ్గ వేసి చాలాసేపు మరగనిస్తారు. ఆవిడ గిన్నెలో తెల్లని బియ్యపు నూడుల్స్ పెట్టి, వాటి మీద మరిగే పులుసు పోసి, గరిటె అడ్డుపెట్టి మళ్లీ కుండలోకే వంపేవారు. అలా మూడు నాలుగుసార్లు పోసి వంపితే గాని చల్లగా ఉన్న నూడుల్స్ లోపలి దాకా వేడెక్కవు. ఆ తర్వాతే అసలు పులుసు పోసి, పైన కీరదోస, అనాసపండు, ఉల్లిపాయ తరుగు, పుదీనా ఆకులు వేసి, నల్లటి రొయ్యల పాకం ఒక చెంచా అందించారు.

మొదటి గుక్కలోనే నాకు చేపల పులుసు గుర్తుకొచ్చింది. మరునాడు చౌరస్తా బజారులో చేపల బల్లల దగ్గరికి వెళ్లి కెంబుంగ్ చూపించమని అడిగితే, వీపు మీద సన్నని ముదురు చారలు, పక్కరెక్క దగ్గర నల్లని చుక్క ఉన్న కనగర్తలను తీసి చూపించారు. కెంబుంగ్ పేరుతో దగ్గరి చుట్టాలైన రెండు మూడు రకాల చేపలను అమ్ముతారు, వాటిలో మన కనగర్త ఒకటి. ఈ చేపకు ప్రపంచమంతా వాడే శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిగర్ కనగుర్త. అందులో రెండో మాట అచ్చంగా మన తీరానిదే. కంపెనీ కొలువులో ఉన్న పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపలను బొమ్మలతో సహా వర్ణించి, అక్కడ వాడుకలో ఉన్న పేర్లతోనే 1803లో ప్రచురించాడు. ఆ తర్వాత ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్యువియే ఈ చేపకు నామకరణం చేసినప్పుడు ఆ తెలుగు పేరునే స్వీకరించాడు. విశాఖలో పుట్టి పెరిగిన నాకు, సముద్రానికి అవతలి ఒడ్డున, ఒక పరాయి బజారులో ఆ చేపను చూసినప్పుడు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

శాకాహారులకూ అక్కడ తిండికి లోటు లేదు. మన అప్పం అక్కడ అపోం అయ్యింది, ఇడియాప్పం పుతు మాయం అయ్యి కొబ్బరి కోరుతోనూ బెల్లంతోనూ దొరుకుతుంది. చైనా నెలలో పాడ్యమి, పౌర్ణమి రోజుల్లో మాంసం మానేసే చైనీయులు చాలామంది ఉన్నందువల్ల వాళ్ల శాకాహార దుకాణాలూ ఉన్నాయి.

తిరుగు ప్రయాణంలో సింగపూర్‌లో ఒక రోజు ఆగాను. అక్కడి ప్రభుత్వం వీధి బండ్లన్నిటినీ 1980ల మధ్యకల్లా కుళాయి నీళ్లు, మురుగు వసతి ఉన్న హాకర్ సెంటర్లు అనే ఉమ్మడి తిండి ప్రాంగణాల్లోకి తరలించింది. ఆ హాకర్ సంస్కృతికి 2020లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. శుభ్రత విషయంలో అది మెచ్చుకోదగిన పని. పెనాంగ్ ప్రభుత్వం తీసుకున్న ఒక నిర్ణయం గురించి మాత్రం నాకు వేరే అభిప్రాయం ఉంది. పేరున్న స్థానిక వంటకాలను విదేశీ కార్మికులు వండకూడదని 2016 నుంచి అక్కడ నియమం అమలు చేశారు. రుచి చెడిపోతుందన్న వాళ్ల భయాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. అయినా ఆ వంటకాల్లో ఎన్నో పొట్ట చేతపట్టుకుని ఓడల్లో వచ్చినవాళ్లు తెచ్చినవే, కొన్ని వాళ్ల కావళ్ల మీద ఊరంతా తిరిగినవే. నేర్పడానికి ఓపికున్న గురువు, నేర్చుకోవడానికి పొయ్యి దగ్గర ఏళ్ల తరబడి నిలబడగల మనిషి ఉంటే చాలు, ఆ మనిషి ఏ దేశంవాడైతేనేమి అని నా నమ్మకం.

ఇంటికి వచ్చిన వారానికి ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లి కిలో కనగర్తలు కొని, గుర్తున్నంత మేరకు లక్సా వండాను. బుంగ కంతన్ దొరకలేదు. అల్లం, నిమ్మగడ్డి కాస్త ఎక్కువ వేశాను. అమ్మ ఒక గుక్క తాగి, ‘‘ఇందులో పోపు ఏదే?’’ అని అడిగింది. పోపు ఉండదమ్మా, పైన పచ్చి ఉల్లిపాయ, పుదీనా వేస్తారు అని చెప్పాను. అమ్మ ఇంకొంచెం పులుసు వేసుకుని, అనాస ముక్కలను మాత్రం ఏరి పళ్లెం అంచున పెట్టింది.