ఓజోనా, యూవీనా? మా హాల్లో తేలిన సంగతి

మా ట్యాంకులోని బ్లూ టాంగ్ చేప రెక్కల మీద బొంబాయి రవ్వ అంటుకున్నట్టు తెల్లచుక్కలు మొదట చూసింది మా అమ్మ. "చేపకి అమ్మవారు పోసినట్టుందిరా, వచ్చి చూడు" అంది.

అది అమ్మవారు కాదు, క్రిప్టోకేరియన్ అనే పరాన్నజీవి. ఉప్పునీటి చేపలు పెంచేవాళ్లు ఇక్ అంటారు. మాది గుంటూరు బ్రాడీపేట. హాల్లో 300 లీటర్ల రీఫ్ ట్యాంకు. పగడాలున్న ట్యాంకులో రాగి మందు వెయ్యడానికి లేదు. చేపకి నయమవుతుంది గానీ పగడాలు, నత్తలు, రొయ్యలు పోతాయి. అందుకని నీటినే శుభ్రం చేసే మిషన్ పెడదామనుకుని, నీళ్లలోకి ఓజోన్ వాయువు పంపేదా, నీళ్ల మీద అతినీలలోహిత కాంతి (యూవీ) వేసేదా అన్న దగ్గర ఆగిపోయాను.

చేపలు కొన్న షాపతను ఓజోన్ వైపే మొగ్గాడు. "నీళ్లు అద్దంలా ఉంటాయి సార్" అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. పాతబడిన ట్యాంకు నీళ్లకు పట్టే పసుపు రంగును ఓజోన్ విరగ్గొడుతుంది. ఆ పని యూవీ అంతగా చెయ్యలేదు.

మా బావగారు సూర్యలంక దగ్గర రొయ్యల హేచరీలో పనిచేస్తారు. అక్కడ మూలనపడున్న చిన్న ఓజోన్ మిషన్, గంటకు 50 మిల్లీగ్రాములది, చూడమని తెచ్చిచ్చారు. "ఓఆర్‌పీ కంట్రోలర్ కొన్నాకే ఆన్ చెయ్యి" అని ఒకటికి రెండుసార్లు చెప్పారు. నీళ్లకున్న ఆక్సీకరణ శక్తిని కొలిచి, హద్దు దాటితే ఓజోన్ ఆపేసేది ఆ కంట్రోలర్. నేను ఆగానా? ఆదివారం పొద్దున్నే, నీళ్లలో మురికిని గాలి బుడగలతో నురగగా తీసే స్కిమ్మర్ గాలి గొట్టానికి తగిలించేశాను.

మధ్యాహ్నానికల్లా హాలంతా జిరాక్స్ షాపులో వచ్చే వాసన. మార్చి ఎండకి ఏసీ వేసి తలుపులన్నీ బిగించి ఉన్నాం. అమ్మకి అసలే ఆయాసం, దగ్గు ఆగలేదు. ట్యాంకులో పగడాల్లాంటి జోవాంథిడ్లు సాయంత్రం పువ్వుల్లా ముడుచుకుపోయాయి. స్విచ్ తీసేసి, కిటికీలు బార్లా తెరిచి, నీటిని శుద్ధిచేసే బొగ్గు (కార్బన్) కొత్తది వేసి బావగారికి ఫోన్ చేశాను.

ఆయన తిట్టడం అయ్యాక అసలు సంగతి చెప్పారు. సముద్రపు నీళ్లలో బ్రోమైడ్ ఉంటుంది. ఓజోన్ దాన్ని హైపోబ్రోమస్ ఆమ్లంగా మారుస్తుంది. ఓజోన్ పోయినా అది కాసేపు నీళ్లలో మిగిలి జీవాల్ని కాలుస్తుంది. "మేం రొయ్యపిల్లలు లేని ట్యాంకులో ముందు నీళ్లకి కొడతాం. అది పూర్తిగా పోయిందని చూసుకున్నాకే పిల్లల దగ్గరికి పంపిస్తాం. నువ్వు చేపల నెత్తినే కొట్టావయ్యా!"

ఇంట్లో సరిగ్గా పెట్టాలంటే ఎంత తతంగమో అప్పుడు లెక్కేశాను. ఓఆర్‌పీ 350 మిల్లీవోల్టుల దగ్గర ఆపేసే కంట్రోలర్, అప్పుడప్పుడూ సరిచూసుకోవాల్సిన దాని ప్రోబ్ (కొలిచే కడ్డీ), తేమ గాలితో ఓజోన్ తగ్గిపోతుంది కాబట్టి సిలికా జెల్ డబ్బా, ఓజోన్‌కి పాడవని గొట్టాలు, స్కిమ్మర్ నుంచి బయటికొచ్చే నీటికీ గాలికీ కార్బన్. వర్షాకాలంలో మన గాలికి ఆ సిలికా జెల్ ఎన్నాళ్లు ఆగుతుంది? ప్రోబ్ తప్పు చూపించిన రోజున అమ్మ అదే హాల్లో పడుకుని ఉంటుంది. మిషన్ బావగారికి తిరిగిచ్చేశాను.

18 వాట్ల యూవీ కొన్నాను. ఇందులోనూ మొదట దెబ్బతిన్నాను. గంటకు 2,000 లీటర్ల పంపు తగిలించాను, ఎక్కువ నీళ్లు తిరిగితే ఎక్కువ చస్తాయని. చుక్కలు తగ్గలేదు. యూవీ తనలోంచి పోయే నీటి మీదే పనిచేస్తుంది, అదీ నీళ్లు కాసేపు ఆ వెలుగులో నిలిస్తేనే. పచ్చనీళ్లు చేసే ఆల్గేకి కొద్ది మోతాదు చాలు. ఇక్‌కి చాలా ఎక్కువ కావాలి. పంపును 600 లీటర్లకు తగ్గించాను.

అయినా యూవీ మందు కాదు. చేపకి అంటుకున్నదాన్నీ, ఇసుకలో తిత్తి కట్టుకున్నదాన్నీ అది ముట్టుకోలేదు. చివరికి చేపల్ని వేరే తొట్టిలోకి మార్చి అక్కడే రాగి వేశాను. చేప దొరక్క ఆ పరాన్నజీవి చావాలని పెద్ద ట్యాంకును 76 రోజులు చేపల్లేకుండా ఉంచాను. అన్నాళ్లూ చేపల్లేని ట్యాంకుకి నీళ్లు చల్లబరిచే చిల్లర్ కరెంటు బిల్లు కట్టడం చూసి మా ఆవిడ ఏమందో ఇక్కడ రాయను. టాంగ్ మాత్రం బతికింది.

ఇప్పుడు యూవీకి నేను చేసే చాకిరీ రెండే పనులు. నెలకోసారి ప్లగ్ పీకి, లోపలి క్వార్ట్జ్ గొట్టం బయటికి తీస్తాను. దాని మీద తెల్లగా సున్నం పేరుకుని ఉంటుంది. వెనిగర్‌లో ముంచిన పాతగుడ్డతో, చిన్నప్పుడు లాంతరు చిమ్నీ తుడిచినట్టు, వేలు జారకుండా తిప్పి తిప్పి తుడుస్తాను. ఇక బల్బు. సుమారు ఏడాదికి క్రిముల్ని చంపే దాని 254 నానోమీటర్ల కిరణాల పస తగ్గిపోతుంది, నీలంగా మాత్రం వెలుగుతూనే ఉంటుంది. అది చూసి మోసపోతానని మా ఆవిడ వంటింటి క్యాలెండర్ మీద గ్యాస్ బండ తేదీ కిందే బల్బు తేదీ కూడా రాసి పెట్టింది.