20 నిమిషాలంటే 20 నిమిషాలే

నర్సుని కాబట్టి మా బంధువుల్లో ఎవరు ఆస్పత్రిలో చేరినా ముందు నాకే ఫోన్ వస్తుంది. "హాస్పిటల్ చాలా నీట్‌గా ఉందే, ఫ్లోర్ మెరిసిపోతోంది, గుమ్మంలోనే ఫినాయిల్ వాసన వస్తోంది, ఇన్ఫెక్షన్ భయమేం లేదు" అని మా పెద్దమ్మ ధైర్యంగా చెబుతుంది. ఫ్లోర్ మెరిస్తే మంచిదే. కానీ పేషెంటు ఒంట్లోకి ఇన్ఫెక్షన్ ఎక్కించేది నేల కాదు. మా చేతులు, ఆపరేషన్ సామాను, మూత్రం పైపు, సెలైన్ సూది, వీటి గుండా వెళ్తుంది. వీటిలో ఏదీ వాసన చూస్తే తెలిసేది కాదు.

2022 ఆగస్టులో రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం సర్కారు ఆస్పత్రిలో జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒకే రోజు 34 మంది ఆడవాళ్లకి ల్యాప్రోస్కోపీతో (పొట్టకి చిన్న గాటు పెట్టి, సన్నటి గొట్టం లాంటి స్కోపు దూర్చి చేసేది) కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు, తర్వాత కొద్ది రోజుల్లోనే నలుగురు చనిపోయారు, మిగతావాళ్లని హైదరాబాద్‌లో నిమ్స్‌కీ ప్రైవేటు ఆస్పత్రికీ తరలించారు. చావులకు ఇన్ఫెక్షనే కారణమని తేలింది. ఆ వార్త చూడగానే ఆపరేషన్ థియేటర్‌లో పనిచేసిన నర్సులెవరైనా మొదట వేసుకునేది ఒకటే లెక్క: స్కోపులు ఎన్ని, టైమెంత?

ఎందుకంటే ల్యాప్రోస్కోపుని మామూలు కత్తెరల్లా ఆటోక్లేవ్‌లో (ఆవిరి ప్రెషర్‌తో క్రిముల్ని చంపే మిషన్) పడేసి తీయడం అన్ని చోట్లా కుదరదు. ఒక ఆపరేషన్ అవగానే దాన్ని విప్పి, రక్తం మరకలు లేకుండా కడిగి, ఆరబెట్టి, గ్లుటరాల్డిహైడ్ అనే క్రిములు చంపే మందులో (మేం సిడెక్స్ అంటాం, కంపెనీ ఏదైనా సరే) 20 నిమిషాలు మునిగేట్టు ఉంచి, తీశాక స్టెరైల్ వాటర్‌తో కడిగి, అప్పుడు రెండో పేషెంటుకి వాడాలి. కడగకుండా ముంచితే 20 నిమిషాలు కాదు, గంట ఉంచినా దండగే, రక్తం పొర కింద ఉన్న క్రిమి వరకూ మందు పోదు. ఈ పనంతా కలిపి స్కోపుకి అరగంట అనుకుందాం. మూడు స్కోపులుంటే గంటకి ఆరు కేసులు. అందుకే కేంద్రం ఇచ్చిన ప్రమాణాల్లో మూడు స్కోపులున్న ఒక టీమ్ రోజుకి 30 కేసులు మించి చేయకూడదని ఉంది. అంటే ఐదు గంటల పని. బయట వరండాలో ఆడవాళ్లు పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు కూడా తాగకుండా కూర్చుని ఉంటారు, వాళ్ల చంటిపిల్లలు ఏడుస్తుంటారు, డాక్టరుగారికి ఇంకో ఊళ్లో క్యాంపు ఉంటుంది. అప్పుడు ఆ 20 నిమిషాలు పదవుతాయి, పది ఐదవుతాయి. సుప్రీంకోర్టు 2016లోనే ఈ క్యాంపుల పద్ధతిని మూడేళ్లలో వదిలించుకోమని చెప్పింది. చెప్పిన ఆరేళ్లకి ఇబ్రహీంపట్నం.

ఆటోక్లేవ్ దగ్గరా ఇదే గొడవ. 121 డిగ్రీలు, 15 పౌండ్ల ప్రెషరు, గుడ్డలో చుట్టిన సామానుకి 30 నిమిషాలు. ఆ 30 లెక్కపెట్టాల్సింది ప్రెషర్ ఎక్కిన తర్వాత, స్విచ్ వేసినప్పటి నుంచి కాదు. సామాను పెట్టే డ్రమ్ముకి అంటించిన టేపు మీద నల్ల గీతలు వచ్చేస్తే చాలు, అయిపోయింది తీసేయమంటారు. ఆ గీతలు డ్రమ్ము వేడెక్కిందనే చెబుతాయి, డ్రమ్ము నడిమధ్యలో ఇరికించిన గుడ్డల దాకా ఆవిరి పోయిందని చెప్పవు. అది తెలియాలంటే లోపల ఇండికేటర్ స్ట్రిప్ పెట్టాలి, అప్పుడప్పుడు వేడికి తేలిగ్గా చావని బ్యాక్టీరియా స్పోర్లున్న చిన్న సీసా (వయల్) పెట్టి అవి చచ్చాయో లేదో చూడాలి. ఈ వయళ్లకి ఇండెంట్ పెట్టి చూడండి, స్టోర్స్ నుంచి ఎప్పుడొస్తాయో!

ఇక చేతులు. ఏటా మే 5న హ్యాండ్ హైజీన్ డే అని పోస్టర్లు వస్తాయి, సింకు దగ్గర ఫొటోలు దిగుతాం. చేతులు కడుక్కోవాలని తెలియని నర్సు ఎవరండీ? హ్యాండ్ రబ్ (శానిటైజర్) అయితే 20 నుంచి 30 సెకన్లు రుద్దుకోవాలి, సబ్బూ నీళ్లూ అయితే 40 నుంచి 60. నైట్ డ్యూటీలో 40 మంది పేషెంట్లకి ఒక్క సిస్టర్ ఉన్న వార్డు అనుకోండి. మంచానికీ మంచానికీ మధ్య ఒక్కసారి రబ్ రుద్దుకున్నా ఒక రౌండుకి 20 నిమిషాలు చేతులకే పోతాయి. సింకు వార్డు చివర ఉంటే, నడకతో కలిపి ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి. అందుకే నన్నడిగితే పోస్టర్ల డబ్బుతో ప్రతి మంచానికీ ఒక రబ్ బాటిల్ బిగించి, అది ఖాళీ అయితే నింపే మనిషిని పెట్టాలి. బాటిల్ చేతికందేంత దూరంలో ఉంటే వాడకం దానంతటదే పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 రిపోర్టు ప్రకారం మనలాంటి దేశాల్లో ఆస్పత్రిలో చేరిన ప్రతి వందమందిలో 15 మందికి ఆస్పత్రిలోనే ఏదో ఒక ఇన్ఫెక్షన్ అంటుకుంటోంది, ధనిక దేశాల్లో ఏడుగురికి. ఈ తేడాకి కారణం అక్కడివాళ్లకి పరిశుభ్రత ఎక్కువ తెలియడం అని నేననుకోను. అక్కడ ఒక సిస్టర్‌కి ఎన్ని మంచాలు అప్పజెబుతారో చూడండి.

గ్లోవ్స్ సంగతి చెబితే మా వాళ్లకి కోపం వస్తుంది గానీ చెప్పాలి. కోవిడ్ తర్వాత గ్లోవ్స్ వేసుకోవడం బాగా అలవాటైంది, మార్చడం అలవాటవలేదు. అదే జతతో డ్రెస్సింగ్, అదే జతతో కేస్‌షీట్, అదే జతతో ఫోను. చేతికి తడి తగిలితే కనీసం కడుక్కోబుద్ధవుతుంది, గ్లోవ్ మీద తగిలింది తెలియనే తెలియదు.

పైపుల విషయానికి వస్తే పేషెంటు మనుషులు చేయగలిగింది చాలా ఉంది. యూరిన్ కేథటర్ (మూత్రం పైపు) ఉన్నన్నాళ్లూ మూత్రంలోకి బ్యాక్టీరియా చేరే అవకాశం రోజుకి 3 నుంచి 7 శాతం ఉంటుంది. ఆపరేషన్ అయ్యాక రెండో రోజు తీసేయాల్సిన పైపు ఐదో రోజు కూడా అలాగే ఉండిపోతుంది, ఎందుకంటే తీయమని ఎవరూ రాయలేదు, లేదా ఉంటేనే అటెండెంట్లకి హాయి, మాటిమాటికీ బాత్రూముకి తీసుకెళ్లక్కర్లేదు. రౌండ్స్‌కి వచ్చినప్పుడు "డాక్టరుగారూ, ఈ పైపు ఇంకా అవసరమా?" అని రోజూ అడగండి. యూరిన్ బ్యాగుని మంచం మీద పొట్ట పక్కన పెట్టకండి, నేల మీదా పడేయకండి, నడుము కన్నా కిందికి వేలాడాలి. కాన్యులా (సెలైన్ ఎక్కించే సూది) పెట్టిన చోట ఎర్రబడినా నొప్పి పెట్టినా వెంటనే చెప్పండి, ఇంకో నరం దొరకదేమోనని ఓర్చుకోవద్దు. పేషెంటు మంచం మీద పదిమంది కూర్చుని ఇడ్లీలు తినడం గురించి ఇక్కడ మొదలుపెడితే ఈ పోస్టు పూర్తవదు.

మనం అన్నీ సరిగ్గా చేసినా తప్పు బాటిల్‌లోనే ఉండొచ్చు. 2016లో హైదరాబాద్ సరోజినీ దేవి కంటి ఆస్పత్రిలో శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న పలువురికి కళ్లకి ఇన్ఫెక్షన్ వచ్చింది, ఆపరేషన్‌లో కన్ను కడగడానికి వాడిన రింగర్ లాక్టేట్ (ఒక రకం సెలైన్) బాటిళ్లలో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా ఉన్నట్టు తేలింది. సెలైన్ బాటిల్‌ని వెలుతురుకి ఎత్తి చూసి, బ్యాచ్ నంబరు రిజిస్టర్‌లో రాయమని సీనియర్లు సతాయించేది ఇందుకే. చూస్తే క్రిమి కనబడకపోవచ్చు, కానీ బ్యాచ్ నంబరు రాసి ఉంటే మిగతా బాటిళ్లని ఆ పూటే ఆపేయొచ్చు.

ఈ మొత్తంలో ఎవరూ పట్టించుకోని వాళ్లు శానిటేషన్ అమ్మలు. సూదులు తెల్ల డబ్బాలో, ప్లాస్టిక్ గొట్టాలు ఎర్ర కవర్లో, రక్తం అంటిన దూది పసుపు కవర్లో వేయాలని ఆస్పత్రి చెత్త మీద 2016లో వచ్చిన రూల్స్. హడావుడిలో ఎవరో ఒక సూదిని పసుపు కవర్లో పడేస్తారు, ఆ కవరు ముడి వేసేటప్పుడు గుచ్చుకునేది ఆమెకి. చెత్త పట్టుకునే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్ బీ, టెటనస్ టీకాలు వేయించాలని అదే రూల్స్‌లో ఉంది. హెపటైటిస్ బీకి మూడు డోసులు, మొదటిది వేశాక నెలకి రెండోది, ఆర్నెల్లకి మూడోది. మీరు ఆస్పత్రుల్లో పనిచేసే వాళ్లయితే రేపు ఆ రిజిస్టర్ ఒకసారి తెరిచి చూడండి, మూడో డోసు గడి ఎంతమందికి నిండిందో. మా దగ్గరైతే శానిటేషన్ ఏజెన్సీ మారినప్పుడల్లా మనుషులు మారిపోతారు, మళ్లీ మొదటి డోసు నుంచి కొత్త లిస్టు రాసుకుంటున్నాం.